మ్యాపులో నలుపు

గంగారత్నానికి ప్రతిదానికీ కంగారే. తాడేపల్లిగూడెంలో పుట్టి, ఏలూరులో చదువుకుని, గ్రామసేవికగా కొల్లేటి ఊళ్ళకు వచ్చిన మనిషి. పడవ ఎక్కితే మునుగుతుందేమో, మందు ఇస్తే వికటిస్తుందేమో అని ఒకటే భయం. నేను గవర్నమెంటు సినిమా వ్యాన్ ఆపరేటర్ని. పందొమ్మిదివందల యాభైల చివర రెండేళ్ళు ఆవిడతో కలిసి తిరిగాను. ఆ కంగారు చూసి విసుక్కోని రోజు లేదు.

ఆ ఏడు వరదల మీద ఒక చిన్న సినిమా వచ్చింది. అందులో కొల్లేరు మ్యాపు కదులుతుంది. మధ్యలో నల్లటి మచ్చ, అదే సరస్సు. వానలు పడేకొద్దీ ఆ నలుపు నాలుగువైపులా పాకి, నీళ్ళ మధ్య దిబ్బల మీదున్న లంక ఊళ్ళను కమ్మేస్తుంది. రైలుకట్ట ఒక్కటే తెల్లగా మిగులుతుంది. దండోరా వినగానే కట్ట మీదికి చేరుకోండి అని దాని భావం. మా స్పీకరు గరగరమనడం తప్ప మాట పలికేది కాదు, కాబట్టి చెప్పేదేదో ఆ మ్యాపే చెప్పాలి. ఆట అయ్యాక జనానికి ఏం అర్థమైందో కనుక్కుని ఆఫీసుకు తెలపడం గంగారత్నం పని.

ఎవర్నడిగినా బాగుందండీ, అర్థమైందండీ అనేవారు. నలుపు తమ ఊరి మీదికి వచ్చేసరికి చప్పట్లు కూడా కొట్టేవారు. ఇంకేం కావాలి, మన సినిమా వందరోజులు ఆడుతుంది అన్నాన్నేను. ఆవిడకు మాత్రం అన్నం సయించడం మానేసింది. ఇల్లు మునుగుతుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు ఉంటారా అని ఆవిడ బాధ.

ఆకివీడు దగ్గర ఒక ఊళ్ళో ఆట అయ్యాక, అర్థమైందా అని అడగడం మానేసింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టిన వెంకటనరసమ్మ అనే ముసలావిడ పక్కన చాప మీద కూర్చుని, ఆ నల్లటిది ఏమిటి మామ్మగారూ అని అడిగింది.

"నేలే కదమ్మా. మన కొల్లేరు ఎండకి తెల్లగా మెరుస్తుంది. నల్లగా ఉండేది రేగడి. గవర్నమెంటువారు నీళ్ళు తోడేసి మా ఊరి చుట్టూ నేల తేలుస్తున్నారు. చల్లగా ఉండాలి బాబులు."

చుట్టూ ఉన్నవాళ్ళదీ అదే మాట. గంగారత్నం ముఖం పాలిపోయింది. అక్కడివాళ్ళకైతే అప్పటికప్పుడే విడమరిచి చెప్పింది. ఆట వేసిన మిగతా ఊళ్ళు కట్ట పక్కవే. కానీ అంతకు వారం ముందే పడవలో మిషను తీసుకెళ్ళి ఒక లంకలో ఇదే ఆట వేశాం. అక్కడ చేపలు పట్టేవాళ్ళకు ముత్యాలరావు పెద్ద. వానలు ముదిరితే ఏటా తమంతట తామే కట్టకు చేరే జనం ఈసారి మా సినిమాను నమ్మి కదలరేమో. పైన చూస్తే వదలని ముసురు.

తెల్లవారగానే పడవ కట్టించుకుని బయలుదేరాం. దండోరా విని కట్టకు వెళ్ళే పడవలు చాలా ఎదురయ్యాయి. ఎదురైన ప్రతి పడవనూ ఆవిడ ఏ ఊరండీ అని అడిగింది. ఏ ఒక్కటీ ఆ లంకది కాదు. అప్పుడు నేనూ ఒక తెడ్డు అందుకున్నాను.

లంకలో తీరిగ్గా వలలు బాగుచేసుకుంటున్నారు. దండోరా విన్నారట. ఈ ఏడు నీరు రాదు కదండీ, మీరే బొమ్మలో చూపించారు అన్నాడు ముత్యాలరావు. నలుపంటే నీరని ఆవిడ గొంతు పోయేలా చెప్పింది. ఏలూరు అమ్మాయిగారికి కొల్లేరు రంగు ఏం తెలుస్తుందని అందరూ నవ్వారు. వాకిళ్ళ దాకా వచ్చిన నీటిని చూపిస్తే, ఇంకా తోడడం మొదలెట్టి ఉండరండీ అన్నారు.

గంగారత్నం ముత్యాలరావు గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చుంది. మీరు కదిలేదాకా నేను కదలనంది. ఆవిడకు ఈత రాదు. పడవవాడు తొందరపెడితే నన్ను తీసుకుని వెళ్ళిపొమ్మంది. వెళ్ళాలనే అనిపించింది గానీ కాళ్ళు రాలేదు. కాసేపటికి నీళ్ళు పీట కోళ్ళను తాకాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది తప్ప లేవలేదు.

ముత్యాలరావు అది చూసి, వల పక్కన పెట్టి, ఆడవాళ్ళను సామాను సర్దమన్నాడు.

"మీ మాట నమ్మి కాదమ్మా వచ్చేది. ఆడకూతుర్ని నీళ్ళలో వదిలి ఇంట్లో కూర్చోలేక వస్తున్నాం."

"ఎలాగైనా సరే, రండి బాబూ" అంది గంగారత్నం. పడవ ఎక్కాక వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాటికి కట్ట మీంచి చూస్తే ఆ లంకలో ఇళ్ళ కప్పులు కూడా కనపడలేదు.