జనవరి ఒకటిన గుమ్మడికాయ సూప్

నేను ఫార్మసిస్టుని. ముప్పై ఏళ్ళుగా మందుల్ని మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మనిషిని. పార్టీల్లో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే, "మీకు నిద్ర చాలడం లేదు" అని లేచిపోయేదాన్ని. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

2008లో, అమెరికాలో, ఎడిసన్‌లో మా దగ్గరే ఉంటున్న అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. అన్నిటికన్నా కష్టం తిండి. నేను ముద్ద పెట్టబోతే పళ్ళు గిట్టకరిచేవారు.

అప్పుడు ఒక ఏజెన్సీ ద్వారా రోజ్‌లీన్ వచ్చింది. హైతీ మనిషి, యాభై దాటిన వయసు, మా ఇంట్లోనే ఉండేది. ఆమెకి తెలుగు రాదు, అత్తగారికి ఇంగ్లిష్ రాదు. అయినా ఆమె "మమ్మా" అని పిలిచి, కూనిరాగం తీస్తూ స్పూన్ ఎత్తితే చాలు, ఈవిడ నోరు తెరిచేవారు. ఒకప్పుడు పనిమనిషి తాకిందని బిందెడు మంచినీళ్ళు పారబోసిన మహాతల్లి. నాకు ఒళ్ళు మండేది. చెప్పుకోవడానికి సిగ్గే కానీ, అది అసూయ.

రోజ్‌లీన్‌కి పండగల పిచ్చి. వాళ్ళ దేశం క్యాలెండర్ మా కిచెన్‌లో తగిలించింది. ఫిబ్రవరిలో కార్నివాల్, మేలో జెండా పండగ, నవంబర్‌లో సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి చనిపోయినవాళ్ళకి కాఫీ పోసే రోజు. ప్రతిదానికీ సెలవు అడిగేది. "దీపావళికి నాకే సెలవు లేదు, నీకెక్కడిది?" అనేదాన్ని. నవ్వి ఊరుకునేది.

జనవరి ఒకటి దగ్గర మాత్రం నవ్వేది కాదు. అది వాళ్ళ స్వాతంత్ర్య దినం. బానిసలుగా ఉన్న రోజుల్లో గుమ్మడికాయ సూప్ వండేది వాళ్ళు, తాగేది దొరలు. వండినవాళ్ళని చుక్క కూడా నోట్లో వేసుకోనిచ్చేవాళ్ళు కాదట. అందుకే ఆ రోజు ప్రతి ఇంట్లోనూ ఆ సూపే. మర్నాడు పోయిన పెద్దల రోజు, అదీ సెలవే.

2009 చివర్లో ఆ రెండు రోజులూ సెలవు అడిగింది. ఇవ్వలేదు. అయితే ఇక్కడే వండుకుంటానంది. మాంసం తగలకూడదని చెప్పి సరేనన్నాను.

ఒకటో తారీఖున మేం గుడికి వెళ్ళి పదకొండింటికి తిరిగొచ్చాం. ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. అత్తగారి పెదవులు, గడ్డం నారింజ రంగులో ఉన్నాయి. రోజ్‌లీన్ చేతిలో గిన్నె ఖాళీ. నా చేత్తో నాలుగు మెతుకులు తినని మనిషి గిన్నెడు తాగేశారు. నన్ను చూడగానే నోరు మూసేశారు. ఆ మూయడం చూసే నాకు తిక్కరేగింది.

ఆ సూప్‌లో గొడ్డు మాంసం వేస్తారని ఎక్కడో చదివాను. "మమ్మా కోసం వేయలేదు మేడమ్" అని రోజ్‌లీన్ చెబుతూనే ఉంది. నేను కిచెన్‌లోకి వెళ్ళి పొయ్యి మీది సూప్ గిన్నె ఎత్తి సింక్‌లో ఒంపాను. ముందు మమ్మాకి పెట్టిందేమో, తనింకా తాగలేదు. "వన్ స్పూన్ మేడమ్. టుడే ఎవ్రీబడీ మస్ట్ డ్రింక్" అంటూ చెయ్యి చాపింది.

"నాట్ వన్ స్పూన్" అన్నాను.

మధ్యాహ్నానికల్లా ఆమెని పంపించేశాను. తర్వాత సింక్ జాలీలో మిగిలినదాన్ని చేత్తో వెతికాను. క్యాబేజీ, క్యారెట్, మాకరోనీ. అంతే. ఫోన్ పక్కనే ఉంది. ఆమెని వెనక్కి పిలవలేదు.

ఇక్కడ పని లేక ఆమె వాళ్ళ దేశం వెళ్ళింది. పన్నెండో తారీఖున అక్కడ భూకంపం వచ్చింది. చెల్లెలి ఇల్లు కూలి ఇద్దరూ పోయారని, మా ఇంట్లో ఉండిపోయిన ఆమె పెట్టె కోసం వచ్చిన బంధువు చెప్పాడు. నన్నెవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే, "హైతీ వెళ్ళమని నేను చెప్పలేదు" అన్నాను. అతను పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు మరి ఎవరికీ నోరు తెరవలేదు. చివరికి పొట్టలోకి ట్యూబ్ వేయించాం. నోటితో మంచినీళ్ళు కూడా లేవు.

2011 జనవరి ఒకటి. ఉదయం తొమ్మిదిన్నర, మంచి ఎండ. మా ఆయన డాక్టర్, ఆ రోజు డ్యూటీలో ఉన్నారు. ఇంట్లో నేనూ ఆవిడే. తలుపులన్నీ వేసే ఉన్నాయి. అన్నట్టు, అంతకుముందు ఏడాదంతా గుమ్మడికాయ మా ఇంటి గడప తొక్కలేదు.

ట్యూబ్‌లో పాలు పోసేముందు పొట్టలో ఏమైనా మిగిలిందేమో సిరంజితో లాగి చూడాలి. రాత్రి తొమ్మిది తర్వాత ఆవిడకి నేనేమీ ఇవ్వలేదు. సిరంజిలోకి చిక్కగా నారింజ రంగు వచ్చింది. పసరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పసరులో క్యారెట్ తునక ఉండదు.

తలెత్తి చూశాను. ఆవిడ పెదవుల మీద, గడ్డం మీద అదే రంగు. వేలితో తుడిచాను. వెచ్చగా ఉంది. చాలా భయం వేసింది.

సాయంత్రం మా ఆయనకి చెబితే, "పసరే అయ్యుంటుంది, నువ్వు ఆ విషయమే ఆలోచిస్తున్నావు" అన్నారు. అప్పటికే సిరంజి కడిగేశాను, చూపించడానికేమీ లేదు. కానీ ఒక సంగతి ఆయనకి చెప్పలేదు.

అదేమిటో రుచి చూస్తే తేలిపోతుందని ఆ వేలు నోటి దగ్గరికి తీసుకున్నాను. అత్తగారు నా కళ్ళలోకి చూశారు. మూడేళ్ళుగా మాట లేని మనిషి, అక్షరం ఇంగ్లిష్ రాని మనిషి, ఎక్కడా తడబడకుండా అన్నారు.

"నాట్ వన్ స్పూన్."

ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. మరో మాట మాట్లాడలేదు. ఆ మాటైతే, నేను సూప్ ఒంపిన రోజు పక్కగదిలోంచి విని గుర్తుపెట్టుకున్నారనుకుందాం. సూప్ ఎవరు పెట్టారో మాత్రం నాకీరోజుకీ తెలియదు.

ఇప్పుడు ప్రతి జనవరి ఒకటినా నేనే గుమ్మడికాయ సూప్ వండుతున్నాను. మా ఆయన రెండు గిన్నెలు తాగుతారు, బాగుందంటారు. నేనూ స్పూన్ ఎత్తుతాను. నోటి దాకా వస్తుంది. అక్కడ పళ్ళు గిట్టకరుచుకుపోతాయి.