సున్నం మేస్త్రి రెండో కన్ను

సున్నం మేస్త్రి కోపిష్టి. కన్ను పోకముందూ కోపిష్టే. కాకపోతే అప్పట్లో ఆ కోపం పనిలోకి పోయేది. వంకర గోడ కనిపిస్తే కట్టినవాణ్ణి తిడుతూ తాపీ అందుకునేవాడు. తిట్లు అయిపోయేసరికి గోడ తిన్నగా ఉండేది.

కన్ను పోయింది కాంట్రాక్టరు తొందర వల్ల. సున్నం ఇంకా పొగలు కక్కుతుండగానే తొట్టి కలియబెట్టమన్నాడు. అది కుతకుతలాడి మేస్త్రి ఎడమ కంట్లోకి ఎగిరింది. “నీళ్ళు కొట్టుకో, అదే పోతుంది” అని కాంట్రాక్టరు ఫోను చెవిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మంట పోయింది. చూపూ పోయింది. నల్లగుడ్డంతా తెల్లటి పొర కమ్మేసింది.

“గోడ నునుపు చూసేటప్పుడు ఎలాగూ ఒక కన్ను మూస్తాం. మూసే శ్రమ తప్పింది” అనేవాడు ఎవరైనా అడిగితే. మాలాంటి పనివాళ్ళు తప్ప ఇంకెవరూ ఈ మాట నమ్మరు. గోడకి పక్కగా దీపం ఆనించి ఒంటికంటితో చూస్తే ఎత్తుపల్లాలు నీడలై బయటపడతాయి మరి. ఆయన చెప్పనిది ఒకటుంది. ఆ వెలుగు కాలిన కంట్లో సూదుల్లా గుచ్చుకునేది. రెండు కళ్ళూ ధారగా కారేవి. అందుకని దీపం మానేసి, అరచేత్తో తడిమి “బాగుంది” అనేవాడు. ఆ సంగతి పక్కనే సున్నం, ఇసుకతో మాలు కలిపే భార్యకి ఒక్కదానికే తెలుసు.

ఓ రోజు బావమరిది ఊడిపడ్డాడు.

“స్టెమ్ సెల్స్ బావా. నీ ఒంట్లోంచే తీసి నీకే సూదేస్తారు. కంటికి, మోకాలికి, బట్టతలకి అన్నిటికీ అదే. గ్యారంటీ.”

“ముందు నీ గుండు మీద వేయించుకురా. వెంట్రుక మొలిస్తే మాట్లాడదాం.”

భార్య మాత్రం వదల్లేదు. “కంటాసుపత్రికి పద. రానంటే రేపట్నుంచి మాలు నువ్వే కలుపుకో” అంది. బావమరిది కూడా వెంటపడ్డాడు.

డాక్టరమ్మ రెండు కళ్ళూ పరీక్షగా చూసింది. ఆ తర్వాత చెప్పింది. “నల్లగుడ్డు చుట్టూ అంచులో మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, ఉంటాయి. పైపొర అరిగినప్పుడల్లా కొత్తది తయారుచేసేవి అవే. సున్నం మీ ఎడమ కంట్లో ఆ అంచునే కాల్చేసింది. కుడి కంటి అంచునుంచి చిన్న ముక్క తీసి, అటువైపు నాటాలి. అది పెరిగి పొరలా పరుచుకుంటుంది.”

మేస్త్రి కుర్చీ తోసి లేచాడు. “ఉన్న ఒక్క కంటి మీద కత్తి పెడతారా? అదీ పోతే మా ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, మీరొస్తారా?”

“పోదని రాసివ్వలేను” అందామె. “అలా జరగడం చాలా అరుదు. తీసినచోట మళ్ళీ పెరుగుతుంది. నాటింది మొత్తం అంటుకుంటుందని కూడా ఇప్పుడే చెప్పలేను.”

మేస్త్రి విసురుగా బయటికొచ్చేశాడు. వరండాలో బావమరిది అందుకున్నాడు. “చూశావా, ఆవిడకే నమ్మకం లేదు. ఆ సూదేసే మావాళ్ళయితే నిన్ను చూడకముందే గ్యారంటీ ఇస్తారు.”

“చూడకముందేనా?” మేస్త్రి మొహం ఎర్రబడింది. “గోడ చూడకుండా మాటిచ్చేవాడికి నేను పరంజా కూడా ఎక్కనివ్వను. వాడికి కన్నిస్తానా? నడు ఇక్కణ్ణుంచి.” అదే ఊపులో తలుపు నెట్టుకుని లోపలికెళ్ళి, “ఎప్పుడు కోస్తారు?” అని గద్దించాడు.

కోశారు. కుడి కన్ను తొందరగానే మానింది. ఎడమ కంటి పొర నెలల తరబడి నెమ్మదిగా తేటపడింది. చూపు పూర్తిగా రాలేదు. ఇప్పటికీ అక్షరాలు అలుక్కుపోయినట్టే ఉంటాయట. కానీ వెలుగు గుచ్చుకోవడం ఆగిపోయింది.

పనిలోకి వచ్చిన మొదటిరోజే, కన్ను బాగోనప్పుడు తాను పూసిన మెట్ల గోడకి దీపం ఆనించాడు. కింద భాగమంతా నునుపు. పైన నిచ్చెన వేస్తే గానీ అందని చోటంతా అలలు అలలుగా నీడలు.

“ఇదేంటే?” అన్నాడు భార్యతో.

“నువ్వు అటు వెళ్ళగానే నేను తడిగుడ్డా చెక్కా పెట్టి రుద్దేదాన్ని. పైన అందలేదు.”

“ఇన్నాళ్ళూనా? చెప్పొచ్చుగా.”

“చెప్తే వినే మొహమేనా అది? నీ వంకరలు దిద్దలేక నా కుడి భుజం పోయింది. దానికి ఏ సూదేస్తారో మా తమ్ముణ్ణి అడుగు.”

మేస్త్రి గోడవైపు చూసి పళ్ళు కొరుకుతూ నిచ్చెన లాగి, ఉలీ సుత్తీ తీసుకుని పైకెక్కాడు. రేపు రంగు వేయాలని కింద కాంట్రాక్టరు లబలబలాడుతుంటే, పెళ్ళలు సరిగ్గా అతని కాళ్ళ దగ్గర పడేలా కొట్టాడు. భార్య పక్కకి జరిగి, కొత్త మాలు కలపడం మొదలుపెట్టింది, ఎడం చేత్తో.