రెండు హాల్ టికెట్ల ఉపేందర్

మా అక్క కొడుకు ఉపేందర్‌ను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పదిహేనేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో వీడు చేరని కోచింగ్ సెంటర్ లేదు. జావాతో మొదలుపెట్టాడు. సగంలో ఎవరో టెస్టింగ్ అన్నారు, అటు దూకాడు. తర్వాత ఎస్సై పరీక్ష, టీచరు పరీక్ష, మధ్యలో మూడు నెలలు డిజిటల్ మార్కెటింగ్. ఏదీ పూర్తి చేసిన పాపాన పోలేదు. పుస్తకాలు మాత్రం అటక నిండా ఉన్నాయి మహానుభావుడికి!

మాది పోచంపల్లి నేతిల్లు. రంగు వేయకముందే డిజైన్ గీసుకుని, దాని ప్రకారం నూలుకు ముడులు కట్టాలి. చిన్నప్పుడు వీణ్ణి ఒకసారి కూర్చోబెడితే, ఏనుగులు సగం కట్టి, మనసు మారి చిలుకలు మొదలుపెట్టాడు. నేసి చూస్తే ఏనుగూ కాదు, చిలుకా కాదు. ఆ చీర ఎవరూ కొనలేదు.

ఈ ఏడాదితో వీడికి సర్కారు కొలువు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం. వీడి భార్య ఇందు నా చీరల దుకాణంలోనే పనిచేస్తుంది. "జర ఒక్కటే పరీక్ష పట్టుకో, గదే చదువు" అని నా ముందే దణ్ణం పెట్టి చెప్పింది. వింటేగా! రెండింటికి దరఖాస్తు పెట్టాడు. రెండూ ఒకే ఆదివారం, ఒకే సమయానికి పడ్డాయి. ఒకటి హయత్‌నగర్‌లో, ఇంకోటి మీర్‌పేట్‌లో.

ఆ పొద్దున ఎల్బీనగర్ చౌరస్తా నుంచి నాకు ఫోను.

"మామా, యాడికి పోవాల్నే? హయత్‌నగర్ దాంట్ల పోస్టులెక్కువ. మీర్‌పేట్‌ది పేపర్ అల్కగ ఉంటదంటున్రు. ఇందును అడుగుదామంటే గుడికని పోయింది, ఫోన్ బంద్ వస్తున్నది."

"నీ మొకం! ముందుగాల ఏ బస్సొస్తే గదెక్కు!" అన్నాను.

హయత్‌నగర్ బస్సెక్కాడు. వనస్థలిపురం దాకా వెళ్లాక ఎవరో దోస్తు ఫోన్ చేసి మీర్‌పేట్ మేలన్నాడట. దిగి, ఆటో పట్టుకుని వెనక్కి ఉరికాడు. చేరేసరికి గేటు మూసి నాలుగు నిమిషాలు. గేటు పట్టుకుని ఏడ్చాడట. జాలి పడాలి కాబోలు. నాకు రాలేదు.

మధ్యాహ్నం దుకాణానికొచ్చి కూలబడ్డాడు. కాసేపటికి ఇందు వచ్చింది. చేతిలో అట్ట, పెన్ను, హాల్ టికెట్. హయత్‌నగర్ పరీక్ష రాసి వచ్చిందట! ఆరు నెలలుగా గిరాకీ లేనప్పుడల్లా అట్ట చిరిగిన పుస్తకమొకటి చదువుతుంటే, కాలక్షేపం అనుకున్నాను. వీడు అటక మీద పడేసిందే అది.

"మంచిగ రాసినవా?" అన్నాను.

"మంచిగనే రాసిన మామా. సదివిందే ఒచ్చింది."

ఉపేందర్ ముఖం మాడిపోయింది. "నాకెందుకు చెప్పలే? ఇద్దరం ఒక్కకాడికే పోతుంటిమి గద!"

ఇందు హాల్ టికెట్‌ను సంచిలో పెట్టుకుంది.

"చెప్తే, నాతోని గూడ పుస్తకం మార్పిస్తుంటివి."