మోకాలి గోలీ

తాండూరు బండల పాలిష్ యూనిట్లలో ముప్పై ఏండ్లు పనిచేసిన జంగప్పకు నిక్కచ్చి మనిషని పేరు. బండ అంచు జరంత వంకరున్నా కంటితోనే పట్టేసేవాడు. అరవై దాటాక గుండెకు స్టెంటు పడింది. ఆ నిక్కచ్చితనమంతా మందు గోలీల మీదికి మళ్లింది.

పొద్దున ఎనిమిదింటికి రెండు, రాత్రి ఎనిమిదింటికి ఒకటి. పెండ్లి పంక్తిలో ఉన్నా సరే, జేబులోంచి డబ్బీ తీసి నలుగురూ చూస్తుండగా మింగేవాడు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే గోలీల ఇంగ్లీషు పేర్లు తడుముకోకుండా చెప్పేవాడు. వాడలో ఎవరికి గుండె జబ్బొచ్చినా డాక్టరు కన్నా ముందు జంగప్పనే అడిగేవాళ్లు.

పక్కింట్లో ఉండే పెద్దయ్య అనే ఆయనదీ గుండె జబ్బే, కాని చదువు రాదు. చెకప్‌కు పోయినప్పుడల్లా ఇంట్లో ఉన్న గోలీలు, దగ్గు మందు, నాటు మందు పొట్లం, అన్నీ సంచిలో వేసుకుపోయి డాక్టరు బల్ల మీద కుమ్మరించేవాడు.

"ఇజ్జత్ తీస్తున్నవ్ పెద్దయ్యా. నాలుగు పేర్లు నేర్చుకోరాదు?" అని కసిరేవాడు జంగప్ప.

"నాకేమెరుకనే అన్నా! ఏది పనికొస్తదో ఆయననే చూసుకోనీ."

ఏండ్లకేండ్లు బండల ముందు గొంతుకూర్చొని జంగప్ప మోకాళ్లు అరిగిపోయాయి. ఆ నొప్పికి బస్టాండు దగ్గరి మెడికల్ షాపులో ఒక ఎర్ర గోలీ ఇచ్చేవాళ్లు. డాక్టరు చీటీ అడిగేవాళ్లు కాదు. రోజుకొకటి, చలికాలం రెండు. "ఇంకేమన్న మందులు వాడుతున్నవా?" అని గుండె డాక్టరు అడిగితే, "లేదు సార్, మీరిచ్చినయే" అనేవాడు. అది అబద్ధమని ఆయనకు తోచలేదు. గుండె డాక్టరుకు మోకాలి ముచ్చటెందుకు?

మొన్న చలికాలంలో ఆయనకు దొడ్డికి తారులాగా నల్లగా పోయింది. నిలబడితే కండ్లు తిరిగాయి. భార్య మొగులమ్మ అడిగితే, "పాలకూర తిన్న గదా, గందుకే" అన్నాడు. మూడు దినాలు అట్లనే నెట్టాడు. నాలుగో నాడు బాత్రూం ముందు కూలబడ్డాడు. అంబులెన్సులో వికారాబాద్ తీసుకుపోయారు.

కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నది అక్కడి డాక్టరమ్మ. "నొప్పి గోలీలు మింగుతున్నవా?"

జంగప్ప పైకప్పు దిక్కు చూశాడు.

"రోజూ మింగుతడమ్మా, ఎర్రటిది" అంది మొగులమ్మ.

"నువ్వు గుండెకు వేసుకునే గోలీలతోటి అది కలిస్తే కడుపులో రక్తం పోతది పెద్దాయనా. అడిగినప్పుడు చెప్పాలె గదా!"

"గుండె గోలీలే అడిగిన్రనుకున్న మేడం."

రెండు సీసాల రక్తం ఎక్కించారు. లేచి కూర్చునే ఓపిక రాగానే జంగప్ప తీర్మానం ఒకటి చెప్పాడు. "ఇగ అన్నీ బంద్. గుండెవి గూడ వద్దు."

డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "అవి ఆపితే స్టెంటు మూసుకపోతది. ఏది ఆపాలె, ఎన్ని దినాలు ఆపాలె, మేం చెప్తం. నీ అంతట నువ్వు ఒక్కటి గూడ ఆపొద్దు." జంగప్ప ముందరే గుండె డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టర్లు ఇద్దరూ మాట్లాడుకొని చీటీ తిరగరాశారు. కడుపుకు ఒక గోలీ కలిపారు. ఎర్ర గోలీకి బదులు మోకాళ్లకు పూత మందు రాశారు.

ఇంటికొచ్చాక చూడటానికి వాడంతా వచ్చింది. "కడుపుల పుండు" అని ఊరుకునేవాడు జంగప్ప. చాయ్ గ్లాసులు పట్టుకొచ్చి మొగులమ్మ మిగిలిన కథంతా, ఎర్ర గోలీతో సహా, ఏదీ విడవకుండా చెప్పేది.

నెల తిరిగేసరికి అడిగేవాళ్లు ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "వదినా, బీపీ గోలీ మీద జలుబు గోలీ వేసుకోవచ్చునా?"

"నాకేమెరుక? డాక్టరును అడుగు పో" అనేది మొగులమ్మ, అందరికీ అదే జవాబు.

"గంతే చెప్తవా?" అని లోపలినుంచి జంగప్ప గొణిగేవాడు. అడిగినవాళ్లు మాత్రం, ఎంత బాగా చెప్పిందని మెచ్చుకుంటూ పోయేవాళ్లు.