కడుపులో ఫ్రాక్చర్

ఇంకా పుట్టని బిడ్డకు ఎముక విరిగిందని డాక్టర్ కంటే ముందే కనిపెట్టిన తండ్రిని ప్రపంచంలో నేనొక్కడినేనేమో. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో వినండి. మొహమాటపడకుండా నవ్వుకోండి, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు నేను దుబాయి పక్కనే ఉన్న అజ్మాన్‌లో ఒక గోదాములో స్టోర్‌కీపర్‌ని. అంతకుముందు ఏడాది లావణ్యకు గర్భం నిలవలేదు. ఈసారి ఇద్దరం బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. మా డాక్టరమ్మది నెల్లూరు. మూడో నెలలో ఆమె, "ఒక రక్తపరీక్ష చేయిద్దాం. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉండే అవకాశం ఎంతో తెలుస్తాది" అంది. సరేనన్నాం.

కొన్నాళ్లకు రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. "ఫీటల్ ఫ్రాక్షన్ తొమ్మిది శాతం" అని ఉంటే, కంగారులో నా కళ్లకు అది ఫ్రాక్చర్‌లా కనబడింది. పెట్టెలు మీదపడి కాళ్లు విరిగినవాళ్లను చూసినవాణ్ణి, ఆ మాట నాకు బాగా తెలుసు. ఇక కింది వాక్యం చదివే ఓపిక ఎవరికుంటుంది?

మా ముదీర్, అంటే మేనేజరు, భోజనానికి వెళ్లడం చూసి, ఆయన ఆఫీసు చక్రాల కుర్చీని టాక్సీలో వేసుకుని ఇంటికి పరుగెత్తాను.

"లావణ్యా, నడవకు. ఈ కుర్చీల కూసో."

"ఏమైంది?"

"ఏం గాలె. కొంచెమే విరిగింది. తొమ్మిది శాతమే."

"ఏంది, కుర్చీనా?"

"బిడ్డ."

ఆమె ముఖం పాలిపోయింది. ఓదార్చబోయి ఆమె కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. క్లినిక్ పక్క వీధిలోనే. మండుటెండలో ముదీర్ సింహాసనం మీద భార్యను తోసుకుంటూ వెళ్తుంటే, కిరాణా కొట్టు కేరళ భాయి, "క్యా భాయ్, ఘర్ షిఫ్టింగ్?" అని అడిగాడు.

క్లినిక్‌లోకి తోసుకెళ్లి ఫోన్ చాపాను. "డాక్టరమ్మా, లోపలున్న బిడ్డకు కట్టు ఎట్ల కడ్తరు?"

ఆమె ఫోన్ తీసుకుని చదివింది. పెదవులు బిగబట్టుకుంది. "ఇది ఫ్రాక్చర్ కాదు నాయనా, ఫ్రాక్షన్. అమ్మ రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ ఎంత వంతు కలిసిందో చెప్పే లెక్క. పరీక్షకు సరిపడా ఉంది. ఇదో, ముప్పు చాలా తక్కువని కిందనే రాసుండాది."

లావణ్య నావైపు చూసిన చూపుకు నా ఎముకలే విరగాల్సింది. పరువు కాపాడుకుందామని గొంతు సవరించుకున్నాను.

"అయితే ఇగ స్కానింగ్ ఖలాస్ గద?"

"ఖలాస్ ఎట్టా అవుద్ది? ఒకప్పుడు బిడ్డ మెడ వెనక కొలత చూసి ఇట్టాంటివి అంచనా వేసేవాళ్లం. ఆ పని ఇప్పుడు రక్తపరీక్ష ఇంకా బాగా చేస్తోంది. కానీ గుండె, వెన్నెముక, కాళ్లూ చేతులూ ఎట్టా తయారవుతున్నాయో రక్తం చెప్పదు. అయిదో నెలలో కంటితో చూడాల్సిందే."

అయిదో నెలలో చీకటి గదిలో తెర ముందు నిలబడ్డాం. డాక్టరమ్మ ఒక్కో భాగాన్నీ కొలిచి చూసింది. తర్వాత మెల్లగా, "గుండె బాగుంది. వెన్నెముకా బాగుంది" అంది. లావణ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడాదిగా మా ఇద్దరి గుండెల మీద ఉన్న బరువేదో దిగిపోయింది.

అంతలో తెర మీదికి గుండ్రంగా ఏదో వచ్చింది. ఆనందం పట్టలేక దానికొక ముద్దు విసిరాను. "చూసినవా లావణ్యా, అచ్చం నా ముక్కే."

"అది మోకాలు నాయనా" అంది డాక్టరమ్మ.

లావణ్య ఎంత నవ్విందంటే, తెర మీద బిడ్డ కూడా ఊగిపోయింది. ఆ క్షణమే నిండు మనసుతో ప్రమాణం చేశాను: డాక్టరమ్మ నోరు విప్పేదాకా, నా సొంత బిడ్డ మోకాలితోనైనా సరే, పోలికలు కలుపుకోను.