అవ్వకు వరుణ్ణి అడిగిన ప్రార్థన

ఎర్రటి కొండల కడుపులో ఇనుము దాచినవాడికి, దాన్ని లెక్కగట్టే బుద్ధిని మంటి మనిషికిచ్చినవాడికి స్తోత్రం! ఈ మాట ముందు చెప్పుకోకుండా మా ఇనుపగనుల ఊరు బచేలీ గురించి ఏదీ మొదలుపెట్టలేను.

నిన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. ప్రోగ్రాములు రాసే ఉద్యోగం దానిది. "అత్తా, ఒక ఫంక్షన్‌కి ఎన్ని పారామీటర్లు ఉండొచ్చు? పొద్దుటి నుంచి మా టీంలో ఇదే గొడవ" అంది. ఫంక్షన్ అంటే ప్రోగ్రాంలో ఒక పని చేసిపెట్టే ముక్క. దాని చేతికి మనం అందించే వివరాలే పారామీటర్లు. ఆ ప్రశ్న వినగానే నాకు మద్దేడు పల్లె నుంచి వచ్చి అప్పట్లో మా వీధిలో కొడుకు దగ్గరుండే అవ్వ కళ్ళముందు నిలబడింది. నవ్వు ఆగలేదు!

గనుల టౌన్‌షిప్‌లో కంప్యూటర్ గదికి చెప్పులు బయట విడిచి వెళ్ళే రోజులవి. ఎంత విడిచినా కీబోర్డు సందుల్లో ఎర్రదుమ్ము ఉండనే ఉండేది. కొండ కింద కుప్పలుగా పోసిన ఖనిజంలో ఏ కుప్ప నుంచి ఎంత తీసి కలిపితే రైలుకెత్తే సరుకు సరైన పాళ్ళలో ఉంటుందో చెప్పే ప్రోగ్రాం నాది. అందులోని ముఖ్యమైన ఫంక్షన్‌కి తొమ్మిది పారామీటర్లు పెట్టాను. ఇనుము, సిలికా, తేమ, బరువు... అన్నీ ఉత్త అంకెలే, వరసగా అందించాలి. నా లెక్క ఒకటి చెబితే ల్యాబ్ ఇంకొకటి చెప్పేది. రాయ్‌పూర్ నుంచి వచ్చిన మా సారు శనివారం తేల్చేశాడు: "సోమ్‌వార్ తక్ నహీ మిలా, తో ఫిర్ హాథ్ సే హిసాబ్. ఔర్ ఆప్ ఘర్ జాయియే." సోమవారానికి కలవకపోతే మళ్ళీ చేతి లెక్కలే, నా టెంపరరీ ఉద్యోగం పోయినట్టే. ఆ జీతం మీదే మా ఇల్లు నడిచేది.

మర్నాడు ఆరాధన మా పెదనాన్న క్వార్టర్లో. మా తెలుగు సంఘంలో ఒక అలవాటుండేది. అందరూ తమ మనవులు పైకి చెప్పేవాళ్ళు, తర్వాత పెదనాన్న అన్నిటినీ గుక్కతిప్పుకోకుండా దేవుడికి అప్పజెప్పేవాడు. ఆ రోజు పెళ్ళి కుదరాలని ఒక పిల్ల అడిగింది, మోకాళ్ళ నొప్పి తగ్గాలని అవ్వ అడిగింది, బదిలీ ఆగాలని ఒకాయన, నా ఉద్యోగం కోసం నేను. పెదనాన్న కళ్ళు మూసుకుని గొంతెత్తాడు: "ప్రభువా, ఈ అవ్వకు తగిన వరుణ్ణి త్వరగా చూపించు!"

అవ్వ ఒక కన్ను తెరిచింది. "నాకీ వయసుల పెండ్లేందయ్యా? ముసలోడు పైకి వోయి ఇప్పుడిప్పుడే నిమ్మళంగ ఉన్న!"

ఆమెన్ అనాల్సిన వాళ్ళందరూ పొట్టలు పట్టుకున్నారు. పెళ్ళి కోరిన పిల్ల "అయితే నాకు మోకాళ్ళా పెదనాన్నా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదనాన్న కూడా నవ్వేసి, "ఇన్ని విడివిడిగా మోయలేనర్రా. ఇంటివాళ్ళు ఇంటివాళ్ళుగా కలిసి నిలబడండి, ఒక్కో ఇల్లూ ప్రభువుకి అప్పగిస్తాను" అన్నాడు. బెంచీలు జరిగాయి, ఇళ్ళవారీగా నిలబడ్డారు. ఎవరి బాధ వాళ్ళ పక్కనే ఉంది, మారిపోయే వీలు లేదు.

నేనూ నా తొమ్మిది అంకెల్ని ఇలా విడివిడిగానే కదా మోస్తున్నాను! కడపటి ఆమెన్‌తోనే లేచి, పులిహోర కూడా తినకుండా సైకిలెక్కాను. కంప్యూటర్ గదిలో ఒక్కో కుప్ప వివరాలన్నీ పేర్లతో సహా ఒకే మూటగా కట్టాను. ఇక ఫంక్షన్‌కి రెండే ఇస్తే చాలు: కుప్పల మూటలు, రైలు బరువు. పాత వరసల్ని విప్పి మూటల్లో సర్దుతుంటే దొంగ దొరికింది! ఒక చోట సిలికా ఉండాల్సిన స్థానంలో తేమ కూర్చుంది. రెండూ చిన్న అంకెలే, అవ్వా పిల్లా ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు, చూస్తే అనుమానమే రాదు.

సోమవారం ల్యాబ్ కాగితం పట్టుకుని సారు వరండాలో నుంచే కేకేశాడు: "మేడం! మిల్ గయా! మిల్ గయా!" లెక్క కలిసిన సంబరంలో చెప్పులతోనే గదిలోకి వచ్చేశాడు.

"ఎన్ని ఉండాలన్నది కాదే తల్లీ," అన్నాను మేనకోడలితో, "కలిసి బతికేవాటిని విడదీసి వరసలో నిలబెట్టకు. అప్పుడు చేతికి అందించాల్సినవి వాటంతటవే తగ్గిపోతాయి."

పెదనాన్న లేడు, అవ్వ లేదు. ఏ ఆదివారం ఏది జరిగిందో నా జ్ఞాపకంలోనూ వరస తప్పుతోంది, కాలం అలాగే కలిపేస్తుంది. చదువుతున్న మీరూ నాతో కలిసి ఒక్క మాట అనండి: ప్రభువా, మా రోజులన్నిటినీ ఒకే మూటగా నీ చేతిలో పెడుతున్నాం, వరస నువ్వే చూసుకో. ఆమెన్.