వెనకాల వచ్చే మనిషి

లోర్నా ట్వైట్ ఎప్పుడూ వెనకాల నడిచే మనిషి. కొండ ఎక్కినా దిగినా మొగుడు డెల్మర్, ఆమె పిలుపులో డెల్, ముందు, తను వెనక. అతనివి బారు కాళ్ళు. ఆమెవి పొట్టివి, పైగా దారిలో కనిపించిన ప్రతి పువ్వునూ పలకరిస్తేగాని కదలదు. ముప్ఫై ఏళ్ళపాటు మంచు రోడ్ల మీద స్కూలు బస్సు నడిపి ఒక్క పిల్లకీ దెబ్బ తగలనివ్వని మనిషికి కొండదారిలో మాత్రం తొందరంటే ఏమిటో తెలియదు. అతను పైనుంచి కేకేస్తే, "వస్తున్నా, కొండలెక్కడికీ పారిపోవులే" అని కిందనుంచి జవాబిచ్చేది.

పెళ్ళయిన కొత్తలో జాస్పర్ కొండల్లో ఒకసారి దారి రెండుగా చీలిన చోట డెల్ ఆగకుండా వెళ్ళిపోయాడు. వెనకొచ్చిన లోర్నా రెండో దారి పట్టి, పొద్దు వాలేదాకా ఏదో వాగు పక్కన ఏడుస్తూ కూర్చుంది. ఆమె దొరికాక డెల్ ఒట్టు పెట్టుకున్నాడు. దారి చీలిన చోట ముందున్నవాళ్ళు ఆగాలి, ఆఖరి మనిషి వచ్చేదాకా కదలకూడదు. ఆ కొండల్లో నడిచేవాళ్ళందరూ చెప్పే మాటే అది. చాలామందికి చెప్పడం వరకే. డెల్ మాత్రం వానలోనూ వడగళ్ళలోనూ అలాగే నిలబడ్డాడు.

ఆ డెల్‌కే ఇప్పుడు మతి తప్పుతోంది. కరెంటు స్తంభాలెక్కి బతికినవాడు చొక్కా గుండీల దగ్గర తికమకపడుతున్నాడు. కూతురు గేల్ అతన్ని వృద్ధాశ్రమంలో చేర్చేద్దామంది. అక్కడ నర్సులుంటారు, తలుపులకి తాళాలుంటాయి అని నచ్చజెప్పబోయింది.

"నన్ను గుర్తుపట్టినన్నాళ్ళూ మీ నాన్న నా దగ్గరే ఉంటాడు. గుర్తుపట్టని రోజున నువ్వెలా చెబితే అలాగే చేద్దాం. అప్పటిదాకా ఈ మాట ఎత్తకు" అంది లోర్నా.

అని ఊరుకోకుండా, షెడ్డులో ఉన్న, లోపలే పడకా పొయ్యీ అమరిన గుడ్డులాంటి పాత ట్రైలర్‌ని బయటికి లాగి, ట్రక్కుకి తగిలించి, మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. వాటర్టన్, కననాస్కిస్, చివరికి జాస్పర్, అన్నీ ఇద్దరూ ఒకప్పుడు నడిచిన కొండలే. గేల్ ఫోనులో లబోదిబోమంది. లోర్నా బండి ఆపలేదు.

మూడో మనిషి సంగతి వాటర్టన్‌లోనే మొదలైంది. తెల్లారి లేచి చూసేసరికి డెల్ బల్ల మీద కాఫీకి మూడు కప్పులు పెట్టాడు. పొరపాటనుకుని ఆమె ఒకటి తీసేసింది. అతను మళ్ళీ తెచ్చి పెట్టాడు. కాఫీ చల్లారిపోతే దాన్ని గడ్డిలో పారబోసి, వేడిది పోశాడు. నడకకి వెళ్తే నాలుగడుగులకోసారి ఆగి వెనక్కి తిరిగి వినేవాడు. సాయంత్రం ట్రైలర్ తలుపు గడియ వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకా రావాలి కదా" అన్నాడు.

ఎవరని అడిగితే సిగ్గుపడి నవ్వాడే తప్ప చెప్పలేదు.

చనిపోయిన అత్తగారు ఇంగెబోర్గ్ అయ్యుంటుందనుకుంది లోర్నా. బతికున్నన్నాళ్ళూ కోడలి కాఫీకి వంకలు పెట్టిన మనిషి, చచ్చాక కూడా కప్పు పట్టుకుని వెంటపడిందని తిట్టుకుంది. తిట్టుకుంటే కాస్త ధైర్యంగా ఉండేది. కననాస్కిస్ చేరేసరికి ఆ ధైర్యం కూడా పోయింది. వెనక రాళ్ళు కదిలిన చప్పుడు ఆమెకీ వినిపించసాగింది. ఆగితే ఆగేది. నడిస్తే మళ్ళీ మొదలయ్యేది. బస్సులో పిల్లల తలలు లెక్కపెట్టే అలవాటు ఆమెని వదల్లేదు. ట్రక్కు కదిలించే ముందు ఇద్దరమే అని తెలిసి కూడా మూడో తల కోసం అద్దంలో వెతికేది. నిజంగా భయపడింది. ఇంటికి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. వెళ్తే గేల్ గెలిచినట్టే కదా అని ఆగిపోయింది.

జాస్పర్‌లో ఆ రోజు పొద్దున్నే కొండెక్కారు. పైన సరస్సు ఒడ్డున కూర్చుని రొట్టెలూ జున్నూ తిన్నారు. డెల్ సరదాగా ఉన్నాడు, ఈల కూడా వేశాడు. దిగుతుంటే పడమర మబ్బులు నల్లబడ్డాయి. ఆ కొండల్లో మధ్యాహ్నం ఉరిమితే పిడుగు భయం, బోడికొండ మీద నిలబడకుండా కింద అడవిలోకి దిగిపోవాలి. లోర్నా అతని చెయ్యి పట్టుకుని వడివడిగా నడిపించింది. దారి చీలిన చోటికి రాగానే డెల్ చెయ్యి విడిపించుకుని దారి గుర్తు స్తంభం పక్కన బండ మీద కూర్చున్నాడు.

"డెల్, పద. వాన వచ్చేస్తోంది."

అతను మర్యాదగా తలూపాడు.

"మీరు వెళ్ళండమ్మా. మా ఆవిడ వెనకాల వస్తోంది. కాస్త నిదానం మనిషి."

లోర్నాకి అప్పుడు మూడో కప్పు ఎవరిదో, గడియ ఎవరికోసం వేయనివ్వలేదో అర్థమైంది. పాపం, ఆ అత్తగారిని ఊరికే ఆడిపోసుకుంది.

"నేనే డెల్. లోర్నాని."

అతను ఆమె మొహంలోకి జాలిగా చూశాడు. "కాదమ్మా. లోర్నా మీ అంత పెద్దది కాదు."

కొండ మీద ఉరిమింది. ఆమె బతిమాలింది, చొక్కా పట్టుకుని లాగింది. అంత మనిషిని ఎక్కడ లాగగలదు? దారి చీలిన చోట ఆఖరి మనిషి రాకుండా కదలకూడదని అతనే ఆమెకి నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

చివరికి లోర్నా, "ఆవిణ్ణి నేను తీసుకొస్తాను, మీరిక్కడే ఉండండి" అని చెప్పి వచ్చిన దారినే పైకి ఎక్కింది. మలుపు దాటి, అతనికి కనపడని చోట ఆగింది. ఇలా వెనకనుంచి దిగివచ్చినా తనని గుర్తుపట్టకపోతే ఇంక చేసేదేమీ లేదు. అతణ్ణి ఎక్కువసేపు వదిలితే ఎటు పోతాడోనని ఇంకో భయం. ఇంతలో కిందనుంచి కేక వినపడింది. తన పేరే.

"వస్తున్నా, కొండలెక్కడికీ పారిపోవులే" అని అరిచి, ఆమె మలుపు తిరిగింది.

డెల్ లేచి నిలబడి ఉన్నాడు. మొహమంతా వెలిగిపోతోంది.

"ఎంతసేపే? ప్రాణం పోయిందనుకో" అని ఆమెని గట్టిగా హత్తుకున్నాడు. ఆ చేతులు నిజంగా ఆమె మొగుడి చేతులే. లోర్నా అతని చొక్కాలో మొహం దాచుకుని ఇంక వెళ్దామంది. అతను కదల్లేదు.

"ఆగు. నీకోసం ఒక పెద్దావిడ పైకెళ్ళింది. ఆవిడ కూడా రావాలి."

లోర్నా పైకి చూసింది. దారిలో ఎవరూ లేరు. అతను కౌగిలించుకున్న పడుచు లోర్నా మీద ఆమెకి అసూయగా ఉంది, పైన ఉండిపోయిన పెద్దావిడ మీద జాలిగా ఉంది.

"నాకు కనిపించింది. మనల్ని వెళ్ళిపొమ్మంది. తను నెమ్మదిగా వస్తుందట."

"ఒక్కతేనా? ఆవిడ మంచి మనిషి, లోర్. ఇన్నాళ్ళూ నాకు అన్నీ చేసిపెట్టింది. పేరు కూడా అడగలేదు నేను."

చినుకులు మొదలయ్యాయి. డెల్ చాలాసేపు తటపటాయించాడు. తర్వాత వీపు సంచి విప్పి, అందులోంచి తన కోటు తీసి తొడుక్కుని, లోర్నా వానకోటు కూడా తీసి, గుర్తు స్తంభానికి తగిలించి, గాలికి పోకుండా దాని చేతులు రెండూ ముడేశాడు. గుండీలు పెట్టుకోలేని వేళ్ళు ఆ ముడి మాత్రం గట్టిగా వేశాయి.

"ఆవిడ తడిసిపోతుంది" అన్నాడు. ఆ కోటు ఎవరిదో లోర్నా చెప్పలేదు.

జీవితంలో మొదటిసారి ఆఖరి మనిషి రాకుండానే డెల్ అక్కణ్ణుంచి కదిలాడు. సిగ్గుతో తలదించుకుని నడిచాడు. వాన జోరందుకుంది. అడవిలోకి దిగేసరికి లోర్నా నిలువునా తడిసి వణుకుతోంది. అప్పుడు చూశాడు డెల్.

"కోటు తెచ్చుకోలేదా?"

"మర్చిపోయాను."

"నీకీమధ్య మతిమరుపు ఎక్కువైందే" అని నవ్వి, తన కోటు విప్పి ఆమెకి తొడిగాడు.

"అవును డెల్" అంది లోర్నా.